బ్రిడ్జి కింద నది

మేం ఈ ఊరొచ్చి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళలో 141 రోడ్డు మీది బ్రిడ్జి ఎన్నిసార్లు దాటానో లెక్కే లేదు. కూరగాయలకి, మా అమ్మాయి డాన్సు క్లాసుకి, పళ్ళ డాక్టరు దగ్గరికి, ఎవరింట్లోనైనా వ్రతమైతే వాళ్ళింటికి. దాటిన ప్రతిసారీ కింద చాటహూచీ నది నాలుగైదు క్షణాలు కనబడేది. చెట్ల మధ్యలో ఒక ఆకుపచ్చ పట్టీ, అంతే. ఆ వెంటనే సిగ్నలు, గ్యాస్ స్టేషను, సాయంత్రం వంటేమిటన్న ఆలోచన.

అట్లాంటా చుట్టుపక్కల ఉండే వాళ్ళకి ఈ నది కొత్త కాదు. పేరు మస్కోగీ తెగవాళ్ళ భాషలోదిట, రంగురాళ్ళు అని అర్థం చెబుతారు. ఊళ్ళోవాళ్ళు ముద్దుగా హూచ్ అంటారు. ఆ మాటకి నాటుసారా అనే అర్థం కూడా ఉందని మా అబ్బాయి చెప్పి నవ్వాడు. గోదారి తల్లి, కృష్ణమ్మ అనుకుంటూ పెరిగిన నాకు నదిని అలా పిలవడం మొదట్లో చెవికి ఎబ్బెట్టుగా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది.

ఉత్తరాన బ్యూఫర్డ్ డ్యామ్ దగ్గర్నుంచి అట్లాంటా నగరం దాకా 48 మైళ్ళ నదిని, దాని ఒడ్డున అక్కడక్కడా ఉన్న అడవిని, 1978లో నేషనల్ పార్కుల వాళ్ళ కిందికి తెచ్చారు. అప్పటి ప్రెసిడెంటు జిమ్మీ కార్టర్ ఈ జార్జియా మనిషే. 2012లో ఈ 48 మైళ్ళనే దేశంలో మొట్టమొదటి నేషనల్ వాటర్ ట్రయిల్‌గా ప్రకటించారు. నడిచేవాళ్ళకి కాలిబాట ఉన్నట్టు పడవల వాళ్ళకి ఇది నీటిబాట. మన ఊళ్ళలో రేవులున్నట్టే ఇక్కడా కొన్ని మైళ్ళకొక రేవు. ఒక రేవులో దిగి, మన ఓపికని బట్టి తర్వాతి రేవులోనో ఆ తర్వాతి దాంట్లోనో ఒడ్డెక్కడమే.

ఇవన్నీ నేను వెళ్ళొచ్చాక తెలుసుకున్న సంగతులు కావు, వెళ్ళకముందు చదివినవి. అంత చదవడానికి ఒక కారణముంది. ఈ నీళ్ళ గొడవ మా ఇంట్లో చాలా పాతది.

మాది గోదావరి డెల్టాలో కాలవ గట్టు మీది ఊరు. మా అమ్మకో తమ్ముడుండేవాడు. నేను పుట్టకముందే, పద్నాలుగో ఏట, కాలవలో పోయాడు. నాకు ఆయన ఒక ఫొటో మాత్రమే. పక్కపాపిడి, చేతులు కట్టుకుని ఓ కుర్చీ పక్కన నిలబడి ఉంటాడు. అమ్మమ్మ ఆ ఫొటోకి దండ మార్చినప్పుడల్లా "ఈత సరదా నా పిల్లాణ్ణి మింగేసింది" అనేది. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో రెండు తరాల పిల్లలకి ఈత లేకుండా పోయింది. మగపిల్లలు ఎలాగో దొంగచాటుగా నేర్చేసుకున్నారనుకోండి. ఆడపిల్లలకి ఆ దొంగచాటూ లేదు. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు అడుగున మిగిలిన మడుగుల్లో పాదాలు తడుపుకునేవాళ్ళం. జూన్‌లో కాలవలు వదిలారంటే ఇక గట్టు దిగనిచ్చేవారు కాదు.

1991 గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళినప్పుడు అమ్మ తన పైటకొంగుని నా నడుముకి కట్టింది. మూడు మునకలు. ముక్కు మూసుకున్నాను, అమ్మ రెక్క పట్టుకుని ముంచి లేపింది. నలభై దాటేదాకా నాకు నదితో ఉన్న పరిచయం ఆ మూడు మునకలే. బి.ఏ.లో తెలుగు చదివాను, నది మీద ఎన్ని పద్యాలో కంఠతా పట్టాను. నావ, దోనె, తెప్ప, పుట్టి, చుక్కాని, సరంగు, అన్నీ పరీక్షలో రాశాను. ఒక్కదాన్నీ చేత్తో ముట్టుకోలేదు.

మీలో ఎంతమందికి ఈత వచ్చు? నేను మా వంటల గ్రూపులో ఒకసారి అడిగాను. ముప్ఫైమందిలో నలుగురికి వచ్చట. పిల్లల్ని మాత్రం అందరం నాలుగేళ్ళు నిండగానే స్విమ్మింగు క్లాసులో వేశాం. తువ్వాళ్ళు, స్నాక్సు పట్టుకుని ఒడ్డున బెంచీల మీద కూర్చున్నాం. రెండేళ్ళ కిందట నేనూ పెద్దవాళ్ళ క్లాసులో చేరాను. వెల్లకిలా తేలడం వచ్చింది. ముందుకి పోవడం ఇంకా రాలేదు.

కయాక్ ఆలోచన నాది కాదు, వరంగల్ అక్కది. మా వీధి చివరింట్లో ఉంటుంది. చిన్నప్పుడు వ్యవసాయ బావిలో, నడుముకి బెండు కట్టుకుని, అన్నదమ్ములతో పాటు దూకి ఈత నేర్చుకున్న మనిషి. "పిల్లలు బడికి పోయినంక మనమే పోదాం, మగోళ్ళెందుకు" అంది. గుంటూరు నుంచి వచ్చినావిడ, కడపమ్మాయి, నేను, అక్క, నలుగురం. సెప్టెంబరు నెలాఖరులో ఒక పనిరోజు పెట్టుకున్నాం.

మా ఆయన వద్దనలేదు. "అందరం కలిసి శనివారం వెళ్ళొచ్చు కదా" అన్నారు. అంటే ఆయన కయాక్ ముందు, నేను వెనక, లేదా ఇద్దరికీ కలిపి ఒకే కయాక్, వెనక కూర్చుని నడిపేది ఆయన. ఇరవై ఏళ్ళుగా కారులో కుడివైపు సీటు నాది. తప్పేం లేదు, ఆయన బాగానే నడుపుతారు. కానీ ఈ ఒక్కటీ నేనే నడపాలనిపించింది. ఆ మాటే చెప్పాను. కాసేపు చూసి, "ఫోను తడవకుండా కవరు కొంటాను" అన్నారు. కొన్నారు కూడా.

ఇక ఈ నది గురించి మీకు తప్పకుండా చెప్పాల్సింది. చూడ్డానికి ఎంత సాధువుగా ఉన్నా ఇది డ్యాము కింది నది. బ్యూఫర్డ్ డ్యామ్‌ని 1950లలో ఆర్మీ ఇంజనీర్లు కట్టారు. దాని వెనక నిలిచినదే లేక్ లేనియర్. సిడ్నీ లేనియర్ అనే కవి పేరు దానికి పెట్టారు. ఈ నది మీద ఆయన రాసిన పద్యంలో నది తనే మాట్లాడుతుంది. కొండల్లో రాళ్ళూ గడ్డీ ఆగమని బతిమాలినా నేను పల్లానికి పోయి పని చెయ్యాలి అంటుంది. తనని ఆపేసిన డ్యాముకి వెనకున్న చెరువుకే ఆ కవి పేరు దక్కడం నాకు నవ్వు తెప్పించింది.

ఆ చెరువు బాగా లోతు. డ్యామ్ అడుగునున్న నీటిని వదులుతుంది. ఎండ తగలని నీళ్ళు. మండు వేసవిలోనూ డ్యామ్ కింద 50 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరుంటాయి. మన లెక్కలో 10 డిగ్రీలు, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి కాస్త అటూ ఇటూ. దిగువకి వచ్చేకొద్దీ కొంత వేడెక్కుతాయి గానీ చల్లదనం పోదు. బయట తొంభై డిగ్రీల ఎండ కాస్తుంటే హాయిగా దూకేద్దామనిపిస్తుంది. ఒక్కసారిగా అంత చల్లటి నీళ్ళలో పడితే ఊపిరి ఎగబీల్చేస్తాం, ఆ ఊపిరితో పాటు నీళ్ళూ లోపలికి పోతాయి. ఈత వచ్చినవాళ్ళకీ ప్రమాదం అదే.

రెండోది, కరెంటు. డ్యామ్ దగ్గర కరెంటు తీస్తారు. ఊళ్ళో వాడకం పెరిగే వేళ నీళ్ళు వదులుతారు. వదిలినప్పుడు డ్యామ్ కింద నది నిమిషాల్లో అడుగులకి అడుగులు లేస్తుంది. అక్కడ ముందుగా సైరన్లు మోగుతాయి. దిగువన ఉన్న మనకి సైరను వినబడదు, నీళ్ళు మాత్రం కొన్ని గంటల తర్వాత వచ్చి తీరతాయి. అందుకే ఒక ఫోను నంబరు పెట్టారు. అంకెలకి బదులు అక్షరాలు చూస్తే డ్యామ్ ఫ్లో అని వస్తుంది. చేస్తే ఆ రోజు ఏ వేళకి నీళ్ళు వదులుతున్నారో రికార్డు చేసిన గొంతు చెబుతుంది. డ్యామ్ నుంచి హైవే 20 బ్రిడ్జి దాకా లైఫ్ జాకెట్ వేసుకోకుండా నదిలో ఉండకూడదు. ఆ తర్వాత వెంట ఉంటే చాలంటారు. నేనైతే కారు దిగినప్పుడు తొడుక్కున్నది మళ్ళీ కారెక్కేదాకా విప్పలేదు.

మూడోది వాన. గట్టి వాన పడ్డాక ఒకట్రెండు రోజులు నీళ్ళ దగ్గరికి పోకపోవడం మంచిది. రోడ్ల మీది మురికంతా నదిలోకే వస్తుంది. నీళ్ళలో బాక్టీరియా ఎంతుందో పార్కువాళ్ళు ఇంటర్నెట్‌లో పెడతారు. ఒకప్పుడు అట్లాంటా మురుగునీరు ఈ నదిలో ఎంత కలిసేదంటే, 1994లో రివర్‌కీపర్ అనే సంస్థ పుట్టి, మరుసటి ఏడాదే నగరం మీద కోర్టుకెళ్ళింది. దాన్ని మొదట్నుంచీ ఇరవై ఏళ్ళు నడిపింది ఒక ఆడమనిషి, శాలీ బేథియా. నగరం దిగొచ్చి మురుగు కాలవలు బాగుచేయించక తప్పలేదు. మనం ఇక్కడ పొద్దున్నే ఫిల్టరులో పోసే నీళ్ళు చాలామటుకు ఈ నదివే కాబట్టి ఆవిడకి నా కాఫీ తరఫున ఒక నమస్కారం.

ఆ పొద్దున మెడ్‌లాక్ బ్రిడ్జి రేవుకి ఎనిమిదిన్నరకల్లా చేరాం. కింద నీళ్ళు చల్లన, పైన గాలి వెచ్చన, నది మీద మోకాలెత్తున పొగమంచు. అద్దెకిచ్చే వాళ్ళు నాలుగు కయాక్‌లు తెచ్చి ఒడ్డున వరసగా పెట్టారు. అప్పడాల పీటల్లా రంగురంగుల ప్లాస్టిక్. మాకు చెప్పిన పిల్ల మా అమ్మాయి కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. తెడ్డు ఎలా పట్టుకోవాలో, తిరగబడితే ఏం చెయ్యాలో చెప్పింది. కాళ్ళు ముందుకి చాపి వెల్లకిలా తేలండి, ప్రవాహంలో నిలబడే ప్రయత్నం చెయ్యకండి, రాళ్ళ సందులో పాదం ఇరుక్కుంటే నీళ్ళు మనిషిని ముందుకి తోసేస్తాయి, అంది. వెల్లకిలా తేలడమంటే నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య. ధైర్యమొచ్చింది.

తెడ్డు అనగానే నాకు గుర్తొచ్చేది పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి మీద పాకం కలిపే తెడ్డు. దీనికి రెండువైపులా రెక్కలు. కూర్చోగానే కడపమ్మాయి గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. గుంటూరావిడ పొదలోకి దూసుకుపోయి "నేనిక్కడే ఉంటానండీ, మీరు వెళ్ళి రండి" అంది. నా చేతులు పిడికిళ్ళు బిగిసిపోయి ఉన్నాయి. అక్క పక్కకొచ్చి, "గట్ల గట్టిగ పట్టకు, చేతులు నొస్తయ్. నీళ్ళే తీస్కపోతయ్, నువ్వు దారి చెప్పు చాలు" అంది.

చెయ్యి వదులు చేశాక నిజంగానే తేడా తెలిసింది. కుడివైపు తోస్తే ముక్కు ఎడమకి తిరుగుతుంది, ఎడమవైపు తోస్తే కుడికి. పది నిమిషాలు పట్టింది ఒంటికి అది అర్థం కావడానికి. తర్వాత ఆలోచించాల్సిన పని లేకపోయింది. బ్రిడ్జి మీది కార్ల మోత వెనకబడింది. వంపు తిరిగాక పూర్తిగా ఆగిపోయింది. ఒడ్డున పెద్ద పెద్ద సైకమోర్ చెట్లు, తెల్లటి బోదెలు, సున్నం వేసినట్టు. కొన్నిచోట్ల చెట్ల వెనక కోటల్లాంటి ఇళ్ళు. రోజూ మనం ఏ రోడ్డు మీద ఏ లేనులో విసుక్కుంటామో, ఆ రోడ్లకి ఫర్లాంగు దూరంలో ఇదంతా ఉంది.

ఒక నారాయణ పక్షి మాతో ఆటాడింది. నీటి అంచున ఒంటికాలి మీద నిలబడి, మేం దగ్గరకొచ్చేదాకా కదలదు. సరిగ్గా ఫొటో తీద్దామనుకునేసరికి బరువుగా లేచి, ఇంకో వంద గజాలు కిందికి వెళ్ళి వాలుతుంది. అలా నాలుగుసార్లు. పడిపోయిన దుంగ మీద తాబేళ్ళు వరసగా, పెద్దదాని నుంచి చిన్నదాకా, పెళ్ళి ఫొటోకి నిలబడ్డట్టు. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీంచి టకటకా అరుచుకుంటూ పోయింది. నడుంలోతు నీళ్ళలో రబ్బరు ప్యాంట్లు వేసుకుని చేపలు పడుతున్నవాళ్ళు చెయ్యి ఊపారు. వాళ్ళు పట్టేది ట్రౌట్, చల్లటి నీళ్ళ చేప. డ్యామ్ కట్టి నీళ్ళు చల్లబడ్డాక తెచ్చి వదిలారు, ఇప్పటికీ వదులుతూనే ఉంటారు. అంటే ఈ చేపా మాలాగే బయట్నుంచి వచ్చి స్థిరపడ్డదే.

సగం దారిలో ఒక గులకరాళ్ళ మెట్ట మీద ఆగాం. జిప్‌లాక్ కవర్లలో పులిహోర, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. జార్జియా వాళ్ళూ మనలాగే ఉడకబెట్టుకు తింటారు, తెలుసుగా. నలుగురం నీళ్ళలో పాదాలు పెట్టుకుని కూర్చున్నాం. నిమిషంలో వేళ్ళు తిమ్మిరెక్కాయి. గుంటూరావిడ ఉన్నట్టుండి, మెనోపాజ్ మొదలైనప్పట్నుంచీ తనకి ఒళ్ళు చల్లబడింది ఇవాళేనని చెప్పింది. ఇంట్లో ఎవరితోనూ అనలేదట. దాంతో మాట అటు మళ్ళి ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. ఆ మాటలు ఇక్కడ రాయను, అవి వాళ్ళవి.

మెడ్‌లాక్ నుంచి జోన్స్ బ్రిడ్జి రేవుకి సుమారు మూడు మైళ్ళు. చెయ్యి తిరిగినవాళ్ళు గంటలో పోతారు. మాకు రెండున్నర గంటలు పట్టింది. చివర్లో రాళ్ళు పైకి తేలి నీళ్ళు గలగలలాడే చోట నా కయాక్ ఒక బండ మీద ఎక్కి కూర్చుంది. నాలుగువైపులా నీళ్ళు పోతున్నాయి, నేను మాత్రం ఆగిపోయాను. ముందు గుండె దడదడలాడింది. తర్వాత చూస్తే నీళ్ళు జానెడు లోతు. నడుముతో ఊపి, తెడ్డుతో బండని తోసి, నాకు నేనే బయటపడ్డాను. అక్క దూరం నుంచి చూస్తూ ఊరుకుంది, సాయానికి రాలేదు. రానందుకు తర్వాత థాంక్స్ చెప్పాను.

జోన్స్ బ్రిడ్జి దగ్గర ఇప్పుడు బ్రిడ్జి లేదు. 1904లో ఇనుముతో కట్టారట. పాడుబడ్డాక, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పనివాళ్ళు కొందరు వచ్చి సగం బ్రిడ్జి విప్పి పాత ఇనుము కింద పట్టుకుపోయారని, వాళ్ళని పంపిందెవరో ఎవరికీ తెలీదని చెప్పుకుంటారు. మిగతా సగం నది మధ్యలోకి వచ్చి ఆగి చాలా ఏళ్ళు అలాగే ఉండి, 2018లో కూలిపోయింది. సగం బ్రిడ్జి దొంగతనం కథ విని మా అబ్బాయి ఇండియాలో కూడా ఇలా జరగదన్నాడు. జరుగుతుందని చెప్పాను.

మర్నాడు పొద్దున అమ్మకి ఫోను చేశాను. అమ్మకి డెబ్భై ఆరు. చెప్పకుండా ఉండొచ్చు, ఫొటోలు ఫేస్‌బుక్‌లో చూసేదాకా తెలియదు. కానీ పిన్ని చూస్తుంది, గంటలో చేరవేస్తుంది. అదీగాక నాకే చెప్పాలని ఉంది.

చెప్పాను. అటువైపు చప్పుడు లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలెట్టింది. నీళ్ళు ఎంత లోతు? ఒడ్డు కనబడుతూనే ఉందా? పక్కన ఎవరున్నారు? నేను ఆ లైఫ్ జాకెట్ సంగతి, డ్యామ్ సంగతి, సైరను సంగతి చెప్పుకుంటూ వచ్చాను. నీళ్ళు వదిలే వేళ ముందుగానే ఫోనులో చెబుతారమ్మా అన్నాను.

"చెబుతారా?" అంది.

"ఆఁ, నంబరుంది. ఎవరైనా చెయ్యొచ్చు."

మళ్ళీ చప్పుడు లేదు. తర్వాత అమ్మ, ఎప్పుడూ ఎత్తని మాట ఎత్తింది. "వాడికి ఈత బాగా వచ్చే. ఈ గట్టునుంచి ఆ గట్టుకి నన్ను వీపున ఎక్కించుకుని ఈదేవాడు. నాకు పదహారు, వాడికి పద్నాలుగు. ఆ రోజు లాకుల దగ్గర ఆడుతున్నారు. పైనించి కబురొచ్చిందిట, లస్కరు తలుపులు ఎత్తాడు. పిల్లలున్నారని అతనికి తెలీదు. తలుపులు ఎత్తుతున్నారని వీళ్ళకి తెలీదు. పాపం ఆ లస్కరు మన ఇంటి ముందుకొచ్చి మూడు రోజులు కూర్చున్నాడు."

నలభై అయిదేళ్ళు నా చెవిలో ఉన్నది ఈత సరదా అన్న మాట. అమ్మ ఆ కాలవలో తమ్ముడి వీపు మీద ఎక్కి దాటిందని ఇప్పుడు తెలిసింది. నువ్వెందుకు చెప్పలేదమ్మా అంటే, "అమ్మమ్మ అలా అనుకుంటే కాస్త తట్టుకునేది. లేకపోతే ఆ లస్కరుని తిట్టిపోసేది. అతనికీ పిల్లలున్నారు" అంది. తర్వాత పాలు పొంగుతున్నాయని పెట్టేసింది.

సాయంత్రం వాట్సాప్‌లో ఒక మెసేజి పంపింది. గొంతుతో పంపడం ఈ మధ్యే నేర్చుకుంది. "మళ్ళీ వెళ్తే ఆ నంబరుకి నువ్వే చెయ్యి. ఎవరో చేశార్లే అనుకోకు. తమ్ముడి ఫొటో ఇంకోటుంది, పిన్ని దగ్గర, తడి జుట్టుతో. పంపమంటాను."

ఫొటో ఇంకా రాలేదు. పిన్ని వెతుకుతోంది. అక్టోబరులో ఆకులు రంగు మారాక జోన్స్ బ్రిడ్జి నుంచి ఐలండ్ ఫోర్డ్ దాకా వెళ్దామని అక్క అంటోంది, అది మొన్నటి కంటే చాలా ఎక్కువ దూరం. మా అమ్మాయి తనూ వస్తానంది. దాని పాత లైఫ్ జాకెట్ భుజాల దగ్గర బిగుతవుతోంది, ఈ వారం కొత్తది చూడాలి.